పట్టీలు తీసేయాలండీ

మొన్న వేసవిలో మా అన్నయ్యగారి మనవరాలికి నాలుగో పుట్టినరోజు వచ్చింది. ఫంక్షన్ హాలు వద్దనుకుని, విజయవాడలో ఒక మాల్ పైఅంతస్తులో పిల్లలు ఆడుకునే చోటును రెండు గంటలకు మాట్లాడుకున్నారు. పాపకు ఆకుపచ్చ పట్టు పరికిణీ, ఎర్ర జాకెట్టు వేశారు. జడకు కుప్పెలు కట్టి, చేతులకు గాజులు వేసి, కాళ్లకు మువ్వల పట్టీలు పెట్టారు. కౌంటరు దగ్గర పాతికేళ్లు కూడా ఉండని అమ్మాయి నవ్వుతూనే చెప్పింది: "పట్టీలు తీసేయాలండీ. గాజులు కూడా. సాక్సులు వెయ్యాలి. పరికిణీ మార్చేస్తే ఇంకా మంచిదండీ."

వదిన మొహం మారిపోయింది. "పుట్టినరోజు పూట పిల్ల కాళ్లు బోసిగా ఉంచమంటావేంటమ్మా?" అంది. "తప్పదండీ, మీ పాప కోసమే" అంది ఆ అమ్మాయి. పాప తల్లి ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. ఒకపక్క అత్తగారు, ఇంకోపక్క కౌంటరు, వెనకాల బూట్లు విప్పేసి తోసుకుంటున్న పదిమంది పిల్లలు. పాపకు ఇవేవీ పట్టలేదు. గాజుతలుపు అవతల రంగురంగుల బంతుల మడుగు కనిపిస్తోంది, ఒక కాలు అప్పటికే అటు తిప్పేసింది.

ఆ పది నిమిషాల మాటలూ నా మనసులో ఉండిపోయాయి. ఇద్దరిలో ఎవరూ తప్పు మాట్లాడలేదు. ఆ అమ్మాయి చెప్పిన ప్రతి మాటకూ కారణం ఉంది. వదిన కాదన్న ప్రతి మాటకూ కారణం ఉంది. ఆ కారణాలను పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.

ముందు, పిల్లలను అక్కడికి ఎందుకు తీసుకెళ్తున్నామో చెప్పుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడకు ఆ సామెత చెప్పాల్సిన పని లేదు, ఇంగ్లీషులో బ్లేజ్‌వాడ అని పేరే పడింది. మే నెలలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. సాయంత్రం నాలుగింటికి పార్కులో ఇనప జారుడుబల్ల మీద పిల్లను కూర్చోబెడితే తొడలు చురుక్కుమంటాయి. ఆరయ్యాక వెళ్దామంటే దోమలు. రోడ్డు మీద ఆడుకోమంటే బళ్లు. అపార్ట్‌మెంటు కింద సెల్లారంతా కార్లే. ఏసీ గదిలో మెత్తటి పరుపుల మధ్య రెండు గంటలు పిల్ల గంతులేస్తుందంటే తల్లిదండ్రులు డబ్బు కట్టడానికి సిద్ధపడటంలో వింత లేదు. ఈ తరహా ఆటస్థలం పుట్టింది కెనడాలో. టొరంటోలోని ఒంటారియో ప్లేస్‌లో 1972లో ఎరిక్ మెక్‌మిలన్ అనే రూపశిల్పి పిల్లల కోసం ఒక ఆటల ఊరే కట్టాడు. బంతుల మడుగు కూడా ఆయన ఆలోచనే అంటారు. చలిదేశంలో మొదలైన ఆట మన ఎండకు అక్కరకొచ్చింది.

అయితే ఆటను బట్టి బట్ట వేసుకోవాలన్న తెలివి మనకు కొత్తగా వచ్చింది కాదు. పామర్రు దగ్గర మా ఊళ్లో మాకు గడ్డివామే మెత్తటి ఆటస్థలం. కోతలయ్యాక పశువుల కోసం వేసిన వాము మీదికెక్కి కిందికి జారేవాళ్లం. ఒంటి మీద చొక్కా లేకుండా ఎక్కితే రాత్రంతా దురదలు. అందుకని మా అమ్మ పాత పొడుగు చేతుల చొక్కా ఒకటి తగిలించి పంపేది. దిగగానే దాన్ని విప్పించి, వేన్నీళ్లు పోసి, కొబ్బరినూనె రాసేది. కాలవలో దిగేటప్పుడు మాత్రం నిక్కరు తప్ప ఏదీ ఉండనిచ్చేది కాదు, తడిసిన గుడ్డ పిల్లను లోపలికి లాగుతుందని. కౌంటరు దగ్గరి అమ్మాయి చెబుతున్నదీ ఈ లెక్కే. ఆట మారింది, కాబట్టి బట్టా మారాలంటోంది.

అన్నిటికన్నా చిక్కు పాదాల దగ్గరుంది. మన ఇళ్లలో చెప్పులు గడప బయటే ఉంటాయి. పిల్లలు ఉత్తికాళ్లతో, గచ్చు మీద, మట్టి మీద నడక నేర్చుకుంటారు. కొత్తగా నడిచే పిల్లలకు ఇంట్లో ఉత్తికాళ్లే మేలని పిల్లల వైద్యులూ చెబుతారు. వేళ్లు నేలను పట్టుకుంటాయి, నేల ఎటు వాలిందో అరికాలికి తెలుస్తుంది. తాళ్ల వల ఎక్కే పిల్లను దగ్గరగా చూడండి. బొటనవేలు వంచి తాడును పట్టేసుకుంటుంది. సాక్సు తొడిగితే ఆ పట్టు పోతుంది. మామూలు నూలు సాక్సుతో రెక్సిన్ పరుపు మీద పరిగెత్తడమంటే వానకు తడిసిన నాపరాయి మీద పరిగెత్తడమే.

మరి సాక్సులే కావాలని ఎందుకు పట్టుబడతారు? ఆదివారం సాయంత్రం అక్కడ కాసేపు నిలబడితే తెలుస్తుంది. గంటకు ఎన్ని జతల కాళ్లు ఆ పరుపుల మీద నడుస్తాయో లెక్కపెట్టలేం. చెమట, బయటి నుంచి వచ్చిన దుమ్ము, ఎవరి కాలికో ఉన్న పులిపిరి. అరికాలి పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, చెమ్మగా ఉన్న నేల మీద ఉత్తికాళ్లతో తిరిగేవాళ్లకు అంటుకుంటాయి. ప్లాస్టిక్ జారుడుబల్ల మీద వేగంగా జారితే మడమ చర్మం కమిలిపోతుంది. వల కన్నంలో చిటికెన వేలు ఇరుక్కుంటుంది. సాక్సు ఉంటే ఇవన్నీ తగ్గుతాయి. ఆట స్థలం నడిపేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది కాదనలేని వాదన.

కానీ సాక్సు వేసినంత మాత్రాన శుభ్రత వచ్చేసిందనుకోకూడదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఫిజియోథెరపీ కేంద్రాల్లో పిల్లల కోసం పెట్టిన ఆరు బంతుల మడుగులను పరీక్షిస్తే 31 రకాల బాక్టీరియా బయటపడింది. ఆ అధ్యయనం 2019లో అచ్చయింది. ఆ బంతులను పిల్లలు తాకేది పాదాలతో కన్నా చేతులతోనే ఎక్కువ. చిన్నవాళ్లయితే నోటికీ తగిలిస్తారు. వానాకాలంలో బడిపిల్లల్లో పాకే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు ఉమ్మి, చీమిడి, పొక్కుల నీరు అంటిన చేతులతో వ్యాపిస్తుంది. దాన్ని సాక్సు ఆపదు. లోపలికి వెళ్లేముందూ వచ్చాకా చేతులు కడిగించడం, బంతులను తీసి కడగడం, ఆ పనులే ఆపుతాయి. సాక్సులు అడిగిన చోట చేతులు కడుక్కోవడానికి కుళాయి ఎక్కడుందో కూడా చూపించాలి కదా. నేను చూసిన చోట్ల కౌంటరు మీద సాక్సుల కట్టలే కనిపించాయి, కుళాయి మాత్రం ఎక్కడో కారిడార్ చివర ఉంది.

అడుగున రబ్బరు చుక్కలుండే సాక్సులు ఈ తగువుకు మధ్యేమార్గం. పరుపు మీద జారవు, పాదం కప్పి ఉంటుంది. ట్రాంపొలిన్ ఉన్నచోట అవి తప్పనిసరి అనడం సబబే. అయితే జారుడుబల్ల దగ్గర ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలో 2002 నుంచి 2015 వరకు ఆరేళ్లలోపు పిల్లలు జారుడుబల్లల మీద పడిన దెబ్బలను అయోవా యూనివర్సిటీ డాక్టర్లు లెక్కగట్టి 2017లో చెప్పారు. మూడున్నర లక్షల మంది పిల్లలు దెబ్బలు తిన్నారు, మూడో వంతుకు పైగా ఎముకలు విరగడమే, అందులోనూ ఎక్కువగా మోకాలి కింది ఎముక. పెద్దవాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకుని జారేటప్పుడు పిల్ల కాలు అంచుకో అడుగుకో పట్టేసుకుంటుంది. పిల్ల ఒక్కతే అయితే ఆగిపోయేది. వెనక అమ్మ బరువు తోస్తుంటే కాలు మెలిపడుతుంది. రబ్బరు అడుగున్న బూటుకు పట్టుకునే గుణం ఎక్కువ. రబ్బరు చుక్కల సాక్సుకూ ఆ గుణం కొంత ఉంటుందని నా అనుమానం. మనకేమో ముద్దు ఎక్కువ. ఏడాదిన్నర పిల్లను ఒళ్లో పెట్టుకుని ఫోటో కోసం జారే తండ్రులను ప్రతిసారీ చూస్తున్నాను. దయచేసి మానండి. పక్కన నడుస్తూ చెయ్యి పట్టుకోండి.

నా మటుకు నేను రెండేళ్లలోపు పిల్లలకు, విడిగా తుడిచి ఉంచిన చిన్నపిల్లల గది ఉంటే, ఉత్తికాళ్లనే కోరతాను. అంతకన్నా పెద్దవాళ్లకు, అందరూ కలిసి ఆడే చోట, చుక్కల సాక్సులు. అవి ఇంటి నుంచి తెచ్చుకుంటే ఒప్పుకోవాలి. వెళ్లిన ప్రతిసారీ కొత్త జత కొనమనడం ఆరోగ్యం కోసం పెట్టిన నియమంలా అనిపించదు. నలుగురు పిల్లలున్న ఉమ్మడి కుటుంబానికి సాక్సుల ఖర్చే ఇంకో టికెట్టు ఖర్చంత అవుతుంది.

ఇక పట్టీలు. ఇక్కడే వదిన బాధ నాకు బాగా అర్థమైంది. పిల్ల పుట్టినప్పుడు అమ్మమ్మ గారింటి నుంచి వెండి వస్తుంది. మొలతాడు, మురుగులు, పట్టీలు. బోర్లాపడితే, అడుగులేస్తే, ప్రతిదానికీ ఒక వేడుక. వాటిని తీసెయ్యమంటే సరుకు పక్కన పెట్టమన్నట్టు ఉండదు, పిల్ల మీది ఆపేక్షను పక్కన పెట్టమన్నట్టు ఉంటుంది. పైగా మువ్వలు ఉత్త ముచ్చటకే పెట్టినవి కావు. డెల్టాలో ఇంటి వెనక కాలవో, చెరువో, దిగుడుబావో ఉంటుంది. వంటింట్లో ఉన్న తల్లికి మువ్వలు వినబడుతున్నంత సేపూ ధైర్యం. చప్పుడు దూరమైతే పరుగు. మా నాయనమ్మ చెవులు పగలంతా మా కాళ్ల మీదే ఉండేవి. కంచె కట్టించలేని ఇంట్లో మువ్వే కంచె.

ఆ లెక్కన చూసినా, వల లోపల మువ్వ పని చెయ్యదు. పాటలు, కేకలు, బ్లోయర్ల హోరులో మువ్వ ఎవరికీ వినబడదు. కానీ దాని కొక్కెం వలలో తగులుకుంటుంది. పిల్ల పైఅంతస్తు నుంచి దూకబోతుంటే పట్టీ వలలో ఇరుక్కుందనుకోండి, ఒళ్లంతా ఆ చీలమండ మీద వేలాడుతుంది. పట్టీ తెగితే అదృష్టం. మర బిగించిన గట్టి పట్టీ తెగదు, చర్మం తెగుతుంది. గాజులదీ అదే కథ, మట్టిగాజులైతే పగిలి ఇంకో పిల్లకు గుచ్చుకుంటాయి. కుప్పెలు, పెద్ద క్లిప్పులు బంతుల్లో పడితే ఎవరి కాలి కిందో తేలతాయి. ఊడిన మువ్వను పాకే పిల్ల నోట్లో పెట్టుకుంటుంది. కాబట్టి పట్టీల విషయంలో కౌంటరు అమ్మాయి మాటే సరి. ఇందులో నాకు సందేహం లేదు. మువ్వ చేసే పని అక్కడ ముదురు రంగు గౌను చేస్తుంది. నిండు పసుపో, నారింజో వేసిన పిల్ల ఏ గొట్టంలో దూరి ఎక్కడ తేలినా కంటికి దొరుకుతుంది.

మొలతాడు మీద మాత్రం నేను పెద్దల వైపే ఉంటాను. నూలు మొలతాడు బట్టల కింద ఒంటిని అంటుకుని ఉంటుంది, గట్టిగా లాగితే తెగుతుంది. దాన్ని కత్తిరించి రమ్మనడం అతి. వెండి గొలుసు మొలతాడైతే చొక్కా లోపలికి దోపాలి, మువ్వో బిళ్లో వేలాడుతుంటే ఇంట్లోనే తీసి రావాలి. మెడలో తాయెత్తు మాత్రం మెడలో ఉండకూడదు. దాన్ని దండకు కట్టడం మన అలవాటులోనే ఉంది, ఆ రోజుకు అలా కట్టండి. గౌనుకు లోపలి వైపు పిన్నీసుతో తాయెత్తు గుచ్చే అలవాటు ఇంకా ప్రమాదం. దూకినప్పుడు పిన్నీసు విచ్చుకుంటుంది.

మెడ చుట్టూ ఉండే తాడు గురించి లోకం నేర్చుకున్న పాఠం చిన్నది కాదు. పిల్లల చొక్కాల టోపీకి, మెడకు కుట్టే నాడాలు జారుడుబల్ల పైన సందులో ఇరుక్కుని పిల్లల ప్రాణాలు పోయాక, అమెరికాలో వినియోగదారుల భద్రతా సంఘం 1996లో వాటిని మానెయ్యమని బట్టల తయారీదార్లకు చెప్పింది. యూరప్ 2004లో ఒక ప్రమాణమే రాసుకుంది, ఏడేళ్లలోపు పిల్లల బట్టలకు మెడ దగ్గర, టోపీ దగ్గర నాడాలే ఉండకూడదని. మన బజారులో టోపీ నాడాల హుడీలు, వెనక వేలాడే డోరీల జాకెట్లు ఇప్పటికీ చిన్నపిల్లల సైజుల్లో దొరుకుతున్నాయి. కొనేముందు ఆ నాడా లాగి చూసి, ఇంటికొచ్చాక తీసి పారెయ్యండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇలాంటి చోట్లకు బళ్లు ఒకటో తరగతి, యూకేజీ పిల్లలను బస్సుల్లో తెస్తాయి. నాయనమ్మ కట్టిన నల్లతాడును చూసి ఇది తీసెయ్యాలనే సిబ్బంది, ఆ పిల్లల మెడల్లో ఉన్న ఐడీ కార్డు పట్టీని చూడరు. ఒక్కసారి కాదు, రెండుసార్లు చూశాను. నైలాన్ పట్టీ, చివర లోహపు కొక్కెం, దానికి గట్టి ప్లాస్టిక్ కార్డు. నూలుతాడు తెగుతుంది, ఈ నైలాన్ పట్టీ పెద్దమనిషి బలంగా లాగినా తెగదు. దానికి తోడు టై, బెల్టు. ఊరి ఆచారం కాబట్టి ఒకటి అనుమానంగా, బడి నియమం కాబట్టి ఇంకోటి మర్యాదగా కనిపిస్తోంది. మెడకు ఆ తేడా తెలియదు. టీచర్లు బస్సు దిగేముందే కార్డులు, టైలు, బెల్టులు ఒక సంచిలో వేసి ఉంచాలి. పేరు, ఫోన్ నంబరు కావాలంటే చొక్కా మీద అతికించే కాగితం చాలు.

పరికిణీ సంగతి వేరు. అందులో ప్రమాదం పట్టీల్లో ఉన్నంత లేదు, ఇబ్బంది ఎక్కువ. మెట్లెక్కుతుంటే అంచు కాలి కింద పడుతుంది, జారుతుంటే పైకి లేస్తుంది, జరీ రాసుకుని తొడలు ఎర్రబడతాయి. పట్టు నున్నగా ఉంటుంది, జారుడుబల్ల మీద వేగం పెరుగుతుంది. కానీ నాలుగేళ్ల పిల్ల పుట్టినరోజున పరికిణీ వేసుకుని గిర్రున తిరిగితే అది గొడుగులా విచ్చుకోవడం, ఆ పిల్ల తనను తాను చూసుకుని మురిసిపోవడం, అదీ ఆటే. దాన్ని తక్కువ చెయ్యడం నాకిష్టం లేదు. చిక్కు వరసలో ఉంది. ఈ చోట్లలో ముందు ఆట, చివర్లో కేకు పెడతారు. అప్పటికి పిల్ల చెమటతో, చెదిరిన జుట్టుతో ఉంటుంది, అందుకే ఇంట్లోవాళ్లు ముస్తాబు పాడవకూడదని ఆటకు అడ్డుపడతారు. కేకు ముందు కోయించి, ఫోటోలు అయిపోయాక, బట్టలు మార్చుకోవడానికి ఒక మూల తెర కట్టి ఇస్తే సగం తగువులు తీరతాయి. కేకు తిన్న వెంటనే గంతులు వద్దంటారా, పావుగంట కథ చెప్పండి.

మార్చి ఏం వెయ్యాలి? మోచేతుల దాకా చేతులున్న పలచటి చొక్కా, మోకాలు దాటే సాగే లెగ్గింగు లేక పైజమా. మగపిల్లలకైనా అంతే. మోకాళ్లు కప్పి ఉంటే పాకినప్పుడు, జారినప్పుడు చర్మం కమలదు. ఆడపిల్లకు గౌను కింద పొడుగు లెగ్గింగు వేస్తే నాయనమ్మలూ ఊరుకుంటారు, పిల్లకూ తలకిందులుగా వేలాడే స్వేచ్ఛ ఉంటుంది. జేబులో ఏమీ ఉండకూడదు. పెద్ద బొత్తాలు, జిప్పులు, వెనక వేలాడే రిబ్బన్లు వద్దు.

గుడ్డ దగ్గర మళ్లీ రెండు పక్షాలు. నూలే గుడ్డ అని నా పెంపకం. 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టింది మన నూలు బట్టల కోసం. పెడనలో కలంకారీ అచ్చులు, కృష్ణ అవతలి ఒడ్డున మంగళగిరి మగ్గాలు ఈ రోజుకీ ఉన్నాయి. మే నెలలో ఆటోలో మాల్ దాకా వెళ్లే పిల్లకు పాలిస్టర్ గౌను వెయ్యడం ఆమెను కవర్లో పెట్టి తీసుకెళ్లడమే. నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను మామూలుగానే పట్టుకోగలదు, పాలిస్టర్‌కు అది అర శాతం కూడా రాదు. అందుకే నూలు ఒంటికి హాయి.

కానీ న్యాయంగా చెప్పాలంటే, ఏసీలో అదే గుణం ఎదురు తిరుగుతుంది. ఇరవై నిమిషాలు పరిగెత్తిన పిల్ల నూలు బనీను చెమటతో తడుస్తుంది, తడి అలాగే ఉండిపోతుంది, మీద ఏసీ గాలి. పిల్ల గబుక్కున చల్లబడి వణుకుతుంది. ఆటగాళ్లు వేసుకునే పలచటి పాలిస్టర్ జెర్సీ ఇక్కడ త్వరగా ఆరిపోతుంది. కాబట్టి ఏ తల్లైనా పిల్లకు జెర్సీ కొంటే తప్పు పట్టను. కానీ పాలిస్టర్‌కు ఇంకో గుణం ఉంది. నిప్పు తగిలితే నూలు కాలుతుంది, పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. కేకు మీద నిప్పులు చిమ్మే కొవ్వొత్తి వెలిగించే పూట, మెరుపుల నెట్ గౌనులో పిల్లను దాని మీదికి వంచకండి. నా ఇంట్లో మటుకు పలచటి నూలు, సంచిలో రెండో బనీను. సగం ఆటలో పిల్చి మార్చడమే. వన్‌టౌన్‌లో నాలుగు బనీన్లు కొనే డబ్బుకు మాల్‌లో ఒక జెర్సీ రాదు.

ఎవరూ పెద్దగా మాట్లాడని రెండు విషయాలు. ఒకటి డైపరు. ఇంట్లో అలవాటు మానిపించిన పిల్లకు కూడా ఆటలో ధ్యాస ఉండదు. మూడేళ్లలోపు వాళ్లకు బంతుల మడుగులో దిగేముందు కొత్త డైపరు, దాని మీద అతుక్కుని ఉండే నిక్కరు ఉండాలి. డైపరు ఒక్కదానితో వదలడం మిగతా పిల్లలకు అన్యాయం.

రెండోది చెవి యంత్రం. ఆరోగ్యశ్రీ మొదలయ్యాక మన రాష్ట్రంలో పుట్టు చెవుడున్న ఎందరో పేద పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సలు జరిగాయి. ప్లాస్టిక్ జారుడుబల్ల మీద బట్ట రాసుకుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. పాలిస్టర్ బట్ట, ఏసీ వల్ల ఎండిన గాలి దాన్ని పెంచుతాయి. మామూలు పిల్లకు అది చిన్న చురుకు. ఇంప్లాంట్ ఉన్న పిల్లకు మాత్రం పరికరంలోని అమరికలు చెడిపోయే అవకాశం ఉందని, జారేముందు బయటి యంత్రం తీసెయ్యమని తయారీదార్లు చెబుతారు. తీసేస్తే పిల్లకు ఏమీ వినబడదు, పిలిచినా పలకదు. ఆ పిల్లకు నూలు బట్ట, పక్కన ఒక పెద్దమనిషి తప్పనిసరి. లోపలికి రానివ్వం అనడం మాత్రం ఏ నియమమూ కాకూడదు.

ఇంతవరకు పిల్ల ఏం వేసుకోవాలన్నదే మాట్లాడాను. కానీ ఈ ప్రశ్నలోనే ఒక మొగ్గు ఉంది. బట్టల మీద పది నియమాలు గోడకు రాసి, తల్లిదండ్రుల చేత కాగితం మీద సంతకం తీసుకుంటే, జరిగేదానికి బాధ్యత అంతా బట్టదైపోతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1176 ప్రకారం జారుడుబల్లను పరీక్షించేటప్పుడు, గొలుసుకు కట్టిన చిన్న గుండీ లాంటి ముక్కను పైనుంచి జారవిడిచి, ఎక్కడైనా సందులో ఇరుక్కుంటుందేమో చూస్తారు. పిల్లలు నాడాలతో వస్తారని ముందే అనుకుని, నాడా ఇరుక్కోని జారుడుబల్ల కట్టమంటున్నారు. మన దేశంలో ఆటబొమ్మల నాణ్యతా ఉత్తర్వు 2021 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో జారుడుబల్లలు, ఉయ్యాలల గురించి చెప్పే ఐఎస్ 9873 నాలుగో భాగం ఇళ్లలో వాడుకునేవాటికే. డబ్బు తీసుకుని వందమంది పిల్లలను ఎక్కించే కట్టడాలు ఆ మాట కిందికి రావు. రాజ్‌కోట్‌లో 2024 మే 25న ఆటల కేంద్రం కాలిపోయి 27 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఆ చోటుకు అగ్నిమాపక శాఖ అనుమతే లేదు. అక్కడ పిల్లలు ఏం వేసుకున్నారన్నది ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. మన బెజవాడలో టికెట్టు కొనేముందు బయటికి వెళ్లే రెండో దారి ఎక్కడుందో అడిగే తల్లిదండ్రులు ఎందరు?

నిర్వాహకుల కష్టం కూడా చూడాలి. రోజూ ఇదే మాట వందసార్లు చెప్పే ఆ అమ్మాయికి పది గంటలు నిలబడే ఉద్యోగం. ఒక నాయనమ్మను నొప్పించకుండా పట్టీలు తీయించడం చిన్న విద్య కాదు. తీసినవి పోతే ఆమె మీదే పడతాం. గోడకు నాలుగు చిన్న తాళాల పెట్టెలు ఉంటే సగం గొడవ ఉండదు. ఇంటి దగ్గరే తీసి రమ్మని టికెట్టు మాట్లాడుకున్న రోజే ఫోనులో ఒక మెసేజి పెడితే మిగతా సగమూ ఉండదు.

ఆ రోజు చివరికి వదినే కింద కూర్చుని పట్టీల మర విప్పింది. జేబురుమాల్లో చుట్టి, కొంగున ముడేసి, దోపుకుంది. పాప పరికిణీ మీదే ఒక ఫోటో దిగి, గౌనులోకి మారి, గాజుతలుపు తోసుకుని పరిగెత్తింది. నేను వల పక్కన కుర్చీ వేసుకున్నాను. మూడో మెట్టు దగ్గర, జారుడుబల్ల మొదట్లో, వల ఒకచోట చిరిగి ఉంది. ఎవరో నైలాన్ పురికొసతో ముడేశారు, ముడి చివర్లు అరచేయంత పొడుగున లోపలికి వేలాడుతున్నాయి. పాప దాని పక్కనుంచే జారింది, రెండుసార్లు. ఆ అమ్మాయిని పిలిచి చూపించాను. ఆమె ఒక్క క్షణం చూసి, "నేను చూడలేదండీ" అంది, జారుడుబల్ల ముందు చెయ్యి అడ్డం పెట్టి పిల్లలను ఆపింది. ఒక కుర్రాడు కత్తెర తెచ్చి చివర్లు కత్తిరించాడు. చిరుగు మాత్రం అలాగే ఉంది. "రేపు వల మార్పిస్తామండీ" అంది. "రేపటి దాకా ఇది మూసెయ్యమ్మా" అంది వదిన, కొంగు ముడి మీద చెయ్యి తియ్యకుండా. ఆ అమ్మాయి మేనేజరు గది వైపు చూసి, ఒక కుర్చీ తెచ్చి జారుడుబల్ల మెట్లకు అడ్డంగా పెట్టింది.